ఆ 90 శాతంలో మీరున్నారా?

ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మని ఒక ప్రశ్న అడగండి. ‘చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసిందా? పోయకపోతే దానికి టీకా ఏమైనా వేయించారా?’ అని. మొదటి సగానికి జవాబు దాదాపు ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. ఒకటో తరగతిలో పోసింది, వేపాకుల మీద పడుకోబెట్టాం, తగ్గాక వేపాకు నీళ్లతో స్నానం చేయించాం అని అమ్మ నిన్న జరిగినట్టే చెప్పేస్తుంది. తేడా అంతా రెండో సగంలోనే. కొన్ని ఇళ్లలో ‘రెండు డోసులూ వేయించాం, ఫైల్ బీరువాలో ఉంది’ అంటారు. చాలా ఇళ్లలో ‘దానికి కూడా టీకా ఉందా?’ అని మనల్నే ఎదురడుగుతారు.

ఏ ఇంట్లో ఏ జవాబు వస్తుందో చాలావరకు ముందే ఊహించొచ్చు. నాన్న ఏం చేస్తారు, అమ్మ ఎంతవరకు చదివింది, ఉండేది పల్లెలోనా పట్నంలోనా, చిన్నప్పుడు సూదులు వేయించింది అంగన్‌వాడీలోనా ప్రైవేటు పిల్లల డాక్టర్ దగ్గరా... ఇవి తెలిస్తే చాలు.

ఉద్యోగాల పేజీలో ఆటలమ్మ గోలేంటి అనుకుంటున్నారా? రెండు కారణాలున్నాయి. హాస్టల్లోనో పీజీలోనో ఉంటూ ప్లేస్‌మెంట్లకూ, పోటీ పరీక్షలకూ తయారవుతున్న మీ వయసు వాళ్లకి ఈ జబ్బు పసిపిల్లల కంటే గట్టిగా తగులుతుంది. ఇది మొదటిది. ఇక రెండోది అంకెలకు సంబంధించింది. మీలో చాలామంది డేటా ఎనలిస్ట్ ఉద్యోగాల మీద కన్నేసి ఉంటారు. ఒక సగటు అంకె వెనక ఎవరెవరు కనపడకుండా పోతారో నేర్చుకోవడానికి చికెన్‌పాక్స్ టీకా కంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

అమెరికా లెక్క

ముందు లెక్కలు పద్ధతిగా రాసుకున్న దేశానికి వెళ్దాం. అమెరికాలో ఈ టీకాకు 1995లో అనుమతి వచ్చింది. అంతకుముందు అక్కడ ఏటా సుమారు 40 లక్షల మందికి చికెన్‌పాక్స్ వచ్చేది. పది వేల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యేవాళ్లు, 100 నుంచి 150 మంది చనిపోయేవాళ్లు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో 1997 నాటికి నాలుగో వంతు మందికే ఈ టీకా పడింది. 2005 కల్లా అది 88 శాతానికి చేరింది. తర్వాత 90 దాటింది. 2006లో రెండో డోసు కూడా సిఫార్సు చేశారు. ఇటీవలి ఏళ్లలో బడిలో చేరే పిల్లల్లో 92 శాతం దరిదాపుల్లో రెండు డోసులూ పూర్తి చేసుకుని వస్తున్నారు. టీకాకు ముందు రోజులతో పోలిస్తే జబ్బు 97 శాతానికి పైగా తగ్గింది.

ఇక్కడితో ఆగితే అది ప్రెస్ నోట్ అవుతుంది. మనం ఒక అడుగు ముందుకేద్దాం. పైథాన్ నేర్చుకున్నవాళ్లకి గ్రూప్‌బై తెలుసు కదా! ఆ 90ని ముక్కలు చేసి చూద్దాం.

అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1994 నుంచి నేషనల్ ఇమ్యునైజేషన్ సర్వే నడుపుతోంది. తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడతారు. వాళ్లు ఒప్పుకుంటే టీకాలు వేసిన డాక్టర్ దగ్గర్నుంచి రికార్డు తెప్పించుకుని సరిచూస్తారు. ఒక్కో పిల్లాడి వరసలో జాతి, కుటుంబ ఆదాయం, ఆరోగ్య బీమా, తల్లి చదువు, ఉండే ప్రాంతం అన్నీ ఉంటాయి.

జాతిని బట్టి విడగొడితే చికెన్‌పాక్స్ టీకా మొదటి డోసులో తెల్లజాతి, నల్లజాతి పిల్లల మధ్య తేడా చాలా తక్కువ. అదే పిల్లలకి రెండేళ్ల లోపు నాలుగేసి డోసులు పడాల్సిన కోరింత దగ్గు టీకాలోనో, న్యుమోకోకల్ టీకాలోనో చూస్తే తేడా బాగా బయటపడుతుంది. ఎందుకంటే ప్రతి డోసుకీ ఎవరో ఒకరు పని మానుకుని, పిల్లాణ్ని ఎత్తుకుని క్లినిక్కి వెళ్లాలి. తిరుగుళ్లు పెరిగేకొద్దీ మధ్యలో ఆగిపోయేవాళ్లూ పెరుగుతారు. ఇప్పుడు అదే డేటాని బీమాని బట్టి విడగొట్టండి. చికెన్‌పాక్స్‌తో సహా దాదాపు అన్ని టీకాల్లోనూ అట్టడుగున ఒకే గుంపు తేలుతుంది. వాళ్లు ఏ బీమా లేని పిల్లలు.

ఇందులో ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. బీమా లేని పిల్లలకు అక్కడ టీకా మందు ఉచితం. 1989 నుంచి 1991 వరకు అమెరికాలో తట్టు విజృంభించి సుమారు 55 వేల మందికి సోకింది, వంద మందికి పైగా చనిపోయారు. ఎందుకిలా అయిందని చూస్తే, జబ్బుపడ్డ పిల్లల్లో సగానికి పైగా టీకా వేయించుకోనివాళ్లే. వాళ్లలో చాలామంది అంతకుముందు డాక్టర్ దగ్గరకు వెళ్లినవాళ్లు కూడా! దాంతో ప్రభుత్వం 1994లో వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ అనే పథకం మొదలుపెట్టింది. పేద పిల్లలకు, బీమా లేనివాళ్లకు, అక్కడి మూలవాసుల పిల్లలకు టీకాలు సర్కారే కొనిస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన చికెన్‌పాక్స్ టీకా కూడా తర్వాత ఆ పథకంలో చేరింది. మొదటి డోసులో జాతుల మధ్య తేడా అంత తక్కువగా ఉండటంలో ఈ పథకానిది పెద్ద పాత్ర అని నా అభిప్రాయం. అయినా బీమా లేనివాళ్లు వెనకబడే ఉన్నారు. సీసాలో మందు ఉచితమే గానీ బస్సు ఛార్జీ, పోయిన రోజుకూలి, ‘ఇది మీకు ఫ్రీ’ అని చెప్పే మనిషి... ఇవి ఉచితంగా రావు.

ఒకే ఖాళీ, రెండు కారణాలు

టీకా పడని పిల్లలంతా ఒకే రకం అనుకుంటే ఇంకో పొరపాటు. 2004లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇదే జాతీయ సర్వే డేటా తీసుకుని, ఒక్క టీకా కూడా పడని పిల్లలను, కొన్ని పడి కొన్ని పడని పిల్లలను వేరువేరుగా చూశారు. కొన్ని పడి ఆగిపోయినవాళ్లు ఎక్కువగా నల్లజాతి పిల్లలు, పేదరికానికి దగ్గరగా ఉన్న ఇళ్లవాళ్లు, తల్లి వయసు తక్కువగా ఉన్నవాళ్లు. అసలు ఒక్కటీ పడనివాళ్లు ఎక్కువగా తెల్లజాతి పిల్లలు, తల్లి కాలేజీ చదువు చదివింది, ఇంటి ఆదాయమూ బాగానే ఉంది. మొదటి గుంపుకి టీకా అందలేదు. రెండో గుంపు వద్దనుకుంది.

ఎక్సెల్‌లో చూస్తే రెండు గుంపులకీ ఒకే ఖాళీ గడి. మందు మాత్రం ఒకటి కాదు. మొదటివాళ్లకి సాయంత్రం క్లినిక్, ఇంటి దగ్గరికొచ్చే నర్సు కావాలి. రెండోవాళ్లతో కూర్చుని ఓపిగ్గా మాట్లాడాలి. ఇంటర్వ్యూలో ‘టీకా రేటు 8 శాతం తక్కువగా ఉంది, ఏం చేస్తావ్?’ అని అడిగితే, ‘ఆ 8 శాతం ఎవరు సార్?’ అని తిరిగి అడిగేవాడికే ఉద్యోగం ఇవ్వాలంటాను.

మన దగ్గర ఆ కాలమ్ ఎక్కడ?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, రోటావైరస్, మీజిల్స్-రూబెల్లా లాంటివి అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పైసా ఖర్చు లేకుండా వేస్తారు. చికెన్‌పాక్స్ ఆ జాబితాలో లేదు. పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం రెండు డోసులు వేయించమనే చెబుతుంది. అంటే ప్రైవేటు డాక్టర్ దగ్గర కొనుక్కోవాలి. బ్రాండుని బట్టి డోసు రెండు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. డాక్టర్ ఫీజు వేరే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నాలుగు డోసులంటే ఎనిమిది వేలు. కూలి చేసుకునే ఇంట్లో ఆ డబ్బుకి చెప్పుకోవడానికి వంద పనులుంటాయి.

మరి మన దగ్గర ఎంతమంది పిల్లలకు ఈ టీకా పడింది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. 2019-21 సర్వే ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో 76.4 శాతం మందికి ప్రాథమిక టీకాలన్నీ పడ్డాయి. అంతకుముందు సర్వేలో అది 62 శాతమే. ఆ అంకెని పల్లె-పట్నం, కులం, మతం, తల్లి చదువు, ఇంటి ఆస్తి ఇలా రకరకాలుగా విడగొట్టి చూపిస్తారు. మంచి పని. కానీ చికెన్‌పాక్స్ టీకా గురించి అందులో ప్రశ్నే లేదు. ప్రభుత్వం ఇవ్వనిదాన్ని ప్రభుత్వ సర్వే అడగదు. గ్రూప్‌బై చేద్దామన్నా మన దగ్గర ఆ కాలమే లేదు!

సగం మందికి వేస్తే సగం రక్షణేనా?

అసలు మెలిక ఇక్కడుంది. జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇది నేరుగా మీ వయసు వాళ్ల సంగతి.

ఒక కాలనీలో సగం మంది పిల్లలకు టీకా పడిందనుకుందాం. వైరస్ తిరగడానికి చోటు తగ్గుతుంది. టీకా పడని పిల్లాడికి కూడా ఐదారేళ్ల వయసులో అది తగలకుండా తప్పిపోవచ్చు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ వాడికి ఒంట్లో రక్షణ ఏమీ లేదు. పదిహేను, ఇరవై ఏళ్లొచ్చాక హాస్టల్లోనో, కోచింగ్ సెంటర్లోనో ఎదురైతే అప్పుడు సోకుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక మాట స్పష్టంగా చెప్పింది. ఏ దేశమైనా ఈ టీకాని పిల్లల కార్యక్రమంలో పెడితే 80 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి. అంతకంటే తక్కువ మందికి వేసి వదిలేస్తే మొత్తం కేసులు తగ్గినా, మిగిలే కేసులు పెద్ద వయసు వైపు జరిగే ప్రమాదం ఉంటుంది. పైగా మనలాంటి వేడి దేశాల్లో ఈ జబ్బు చల్లని దేశాల కంటే ఆలస్యంగా, పెద్దయ్యాక సోకడం ముందునుంచీ ఎక్కువే.

పెద్ద వయసులో వస్తే ఏమవుతుంది? టీకా రాకముందు అమెరికా లెక్కలు చూస్తే, 1 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లక్ష కేసులకు ఒక మరణం. 15-19 ఏళ్లవాళ్లలో 6. పెద్దవాళ్లలో 21. మొత్తం కేసుల్లో పెద్దవాళ్లవి 5 శాతమే అయినా, మరణాల్లో వాళ్లవి 35 శాతం. ఎక్కువ ప్రమాదం ఊపిరితిత్తులకి పాకే న్యుమోనియాతో. భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ వయసులో వచ్చిన వాళ్లలో చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కాకపోతే ‘ఆటలమ్మే కదా, పిల్లల జబ్బు’ అని తేలిగ్గా తీసుకోకూడదు.

జేబుని బట్టి టీకా పడే చోట అన్యాయం రెండు అంచెల్లో జరుగుతుందని నేను అనేది ఇందుకే. డబ్బున్న ఇంటి పిల్లాడికి రక్షణ దొరికింది. డబ్బులేని ఇంటి పిల్లాడికి అది దొరకలేదు సరే, జబ్బు రావాల్సిన వయసు కూడా కష్టమైన చోటుకి జరిగే అవకాశం ఉంది. వాడు ఇంట్లో తొలి గ్రాడ్యుయేట్ కావచ్చు. అమ్మానాన్నలు అప్పు చేసి హాస్టల్లో చేర్చి ఉండొచ్చు. ఇలాంటి వాడికి సెమిస్టర్ పరీక్షల వారంలో ఒళ్లంతా పొక్కులొస్తే పోయేది ఒక వారం కాదు, ఒక్కోసారి ఒక ఏడాది.

హాస్టల్లో ఇది ఎలా పాకుతుందో చూస్తే ఇంకా అర్థమవుతుంది. పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందే అంటించే గుణం వచ్చేస్తుంది. అంటే గదిలో ఒకడికి వచ్చిందని తెలిసేలోపు మిగతా ముగ్గురికీ తగిలి ఉంటుంది. సోకిన తర్వాత బయటపడటానికి 10 నుంచి 21 రోజులు. మొదటివాడు కోలుకుని తిరిగొచ్చే వేళకి రెండోవాడు మూట సర్దుకుంటాడు. నేను చదివిన కాలేజీ హాస్టల్లో థర్డ్ ఇయర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మా ఫ్లోర్‌లో ఒకరి తర్వాత ఒకరు ఇళ్లకు వెళ్తుంటే నెలన్నర పాటు ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిసేది కాదు. ఇంట్లో ఒకరికి వస్తే, రక్షణ లేని మిగతావాళ్లలో 90 శాతం వరకు సోకగలదు. హాస్టల్ గది ఇంటి కంటే ఇరుకే కదా.

ప్రభుత్వం వైపు వాదన

దీనికి న్యాయమైన ఎదురువాదన ఉంది. పిల్లల ప్రాణాలు తీసే జబ్బుల వరసలో చికెన్‌పాక్స్ ముందు ఉండదు. విరేచనాలు, న్యుమోనియా, తట్టు ఎక్కువ మందిని బలి తీసుకుంటాయి. అందుకే ప్రభుత్వం 2016లో రోటావైరస్, 2017లో న్యుమోకోకల్, మీజిల్స్-రూబెల్లా టీకాలను ముందుగా తెచ్చింది. ఉన్న డబ్బుతో ముందు ఏది అన్న ప్రశ్నకి అది సరైన జవాబే. ధనిక దేశాలూ ఆలస్యం చేశాయి. ఈ టీకాని 1970ల్లో తయారుచేసింది జపాన్ శాస్త్రవేత్త మిచియాకి తకహాషి. అదే జపాన్ దాన్ని పిల్లలందరికీ ఇచ్చే జాబితాలో చేర్చింది 2014 అక్టోబరులో! బ్రిటన్ అయితే 2026 జనవరి నుంచి మొదలుపెడతామని ప్రకటించింది.

ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ దేశాలు ఒకసారి నిర్ణయం తీసుకున్నాక అందరికీ అన్నాయి. మనం వద్దనీ అనలేదు, అందరికీ అనీ అనలేదు. కొనుక్కోగలిగినవాళ్లకి వదిలేశాం. ఈ మధ్యస్థితిలో ఎక్కువ నష్టపోయేది కొనుక్కోలేనివాళ్లు. వెంటనే దేశమంతా ఇవ్వలేకపోతే రెండు పనులైనా చేయొచ్చు. ఒకటి, వచ్చే కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ టీకా గురించి ఒక్క ప్రశ్న చేర్చాలి. లెక్కలోకి రాని తేడా చర్చలోకి కూడా రాదు. రెండు, గురుకులాలతో, సంక్షేమ హాస్టళ్లతో మొదలుపెట్టాలి. అక్కడ పిల్లల బాధ్యత సర్కారుదే. చిన్నప్పుడు ఆటలమ్మ పోయనివాళ్లెవరో అడిగి తెలుసుకుని వాళ్లకి వేస్తే ఖర్చు కూడా తగ్గుతుంది.

అమ్మవారిని తలుచుకునే ఇళ్లలో టీకా మాట ఎత్తడానికి మొహమాటపడేవాళ్లుంటారు. అక్కర్లేదు. మశూచి టీకాతోనే 1975లో మన దేశం వదిలి పోయింది. అమ్మవారి జాతరలు మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు మీరేం చేయాలి?

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటే సాధారణంగా మళ్లీ రాదు. పోయలేదు, టీకా కూడా లేదు అంటే డాక్టర్ని కలవండి. గుర్తులేకపోతే రక్తపరీక్షతో యాంటీబాడీలు ఉన్నాయో లేదో తెలుస్తుంది. 13 ఏళ్లు దాటినవాళ్లకి నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో రెండు డోసులు వేస్తారు. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా కాబట్టి గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు వేయరు. రూమ్మేట్‌కి పొక్కులు కనిపిస్తే అప్పుడైనా ఆలస్యం కాలేదు. మూడు నుంచి ఐదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. మీకే వస్తే మొదటి రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. వైరస్ మందు 24 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆస్పిరిన్ మాత్రం వద్దు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు క్లాసుకీ, ఇంటర్వ్యూకీ వెళ్లకండి.

అమెరికా ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు చికెన్‌పాక్స్ టీకా రెండు డోసుల సర్టిఫికెట్టో, యాంటీబాడీ పరీక్ష రిపోర్టో అడుగుతాయి. విదేశాల్లో నర్సింగ్ ఉద్యోగాలకూ ఇలాంటి నిబంధనలుంటాయి. డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు కావాలి కాబట్టి టికెట్ కొన్నాక కాకుండా ముందే చూసుకోండి. మనవాళ్లలో ఎంతోమంది ఈ టీకా పేరు మొదటిసారి వినేది ఆ ఫారంలోనే. పసితనంలో పడాల్సిన సూది ఇరవై రెండేళ్లకి, అదీ వేరే దేశపు క్యాంపస్ అడిగితే పడుతోంది.

డేటా సైన్స్ వాళ్లకి చివరి సలహా. రెజ్యూమెలో టైటానిక్ డేటాసెట్ ప్రాజెక్టు చూసి చూసి ఇంటర్వ్యూ చేసేవాళ్లు విసిగిపోయారు. అమెరికా ఇమ్యునైజేషన్ సర్వే డేటా ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సర్వే వెయిట్లు వాడటం మరిచిపోకుండా, ఒకే టీకాని జాతితో ఒకసారి, ఆదాయంతో ఒకసారి, బీమాతో ఒకసారి విడగొట్టి చూపించండి.

మన దగ్గర డేటా లేదంటారా? ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ గదిలో నలుగురి పేర్లు రాయండి. పక్కన మూడు గళ్లు గీయండి: ఆటలమ్మ పోసిందా, టీకా పడిందా, రెండూ లేవా. తర్వాత పక్క గదికి వెళ్లండి. మూడో గడిలో టిక్కు పడ్డవాళ్ల ఊరేదో, ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో చూడండి. ఈ లెక్క మొదలుపెట్టడానికి ఆ ఒక్క కాగితం చాలు. ఆ కాగితం వార్డెన్‌కి చూపించి, మీ హాస్టల్లో ఒక టీకా శిబిరం పెట్టించమని అడగండి.